మొదటి పడవగా జెట్ బోటు

అట్లాంటా పక్కన లేక్ లానియర్, డాలస్ పక్కన లూయిస్‌విల్, ఆస్టిన్ పక్కన ట్రావిస్, షార్లెట్ పక్కన నార్మన్. అమెరికాలో మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊళ్ళలో చాలావాటికి దగ్గర్లోనే ఒక జలాశయం ఉంది. ఉద్యోగం కుదురుకుని, ఇల్లు కొనుక్కుని, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యేసరికి ఆ నీళ్ళమీద మనకూ ఒక పడవ ఉంటే బాగుండునన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన చాలాసార్లు పందొమ్మిది అడుగుల చిన్న జెట్ బోటు దగ్గరికి చేరుతుంది. ధర పెద్ద పడవలంత ఉండదు, ఇంట్లో ఉన్న ఎస్‌యూవీతోనే లాక్కెళ్ళవచ్చు, అన్నిటికీ మించి వెనక ప్రొపెల్లర్ ఉండదు కాబట్టి పిల్లలకు భద్రం అని చెబుతారు. ఈ చివరి మాటను పట్టుకునే ఇవాళ మాట్లాడదలుచుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జలాశయంలో ఈతకూ ఆటకూ వాడుకునే కుటుంబానికి చిన్న జెట్ బోటు మంచి తొలి పడవే. కానీ అది నీళ్ళలో దిగినవాళ్ళకు ఇచ్చే భద్రత ఒకటి, స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్ళ నుంచి కోరే జాగ్రత్త మరొకటి. మొదటిది చూసుకుని రెండోదాన్ని వదిలేసేటట్టయితే ఆ పడవ కొనకపోవడమే మేలు.

ముందు ఆ యంత్రం సంగతి. మామూలు మోటారు పడవకు వెనకభాగాన నీళ్ళలో ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. జెట్ బోటుకు అలా బయట తిరిగేది ఏదీ లేదు. పడవ అడుగున, వెనకవైపు, ఊచల జాలీ బిగించిన నోరు ఒకటి ఉంటుంది. అందులోంచి నీళ్ళు ఒక గొట్టంలోకి వస్తాయి. గొట్టం లోపల ఇంపెల్లర్ తిరుగుతూ ఆ నీళ్ళను ఒత్తిడితో వెనక్కి తోస్తుంది. సన్నని నాజిల్‌లోంచి ధార చిమ్ముతుంది, పడవ ముందుకు కదులుతుంది. స్టీరింగ్ తిప్పితే నాజిల్ పక్కకు తిరిగి ధార దిక్కు మారుతుంది. వెనక్కి రావాలంటే ధారకు అడ్డంగా ఒక మూత దిగి నీటిని ముందువైపు మళ్ళిస్తుంది. ఈ పద్ధతిని నిజంగా పనికొచ్చే పడవగా మలిచినవాడు న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్. దక్షిణ దీవిలో ఐరిష్‌మన్ క్రీక్ అనే గొర్రెల క్షేత్రం ఆయనది. ఆ ప్రాంతపు నదులు మంచుకొండల్లోంచి దిగి, గులకరాళ్ళమీద పాయలుపాయలుగా చీలి, కొన్నిచోట్ల చీలమండ లోతుకూడా లేకుండా పారుతాయి. ప్రొపెల్లర్ పడవకు అక్కడ దారే లేదు. 1950ల్లో హామిల్టన్ ధారను పడవ అడుగు నుంచి కాకుండా నీటిమట్టానికి పైన, వెనక నుంచి చిమ్మేలా మార్చాడు. దానితో పడవ వేగం అందుకుంది. 1960లో ఆయన పడవలు అమెరికాలో గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదికి ఎదురు ప్రయాణించాయి. 1977లో ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ హామిల్టన్ సంస్థ తయారుచేసిన మూడు జెట్ పడవలతో గంగాసాగర్ దగ్గర బయల్దేరి, కాశీ దాటి, రిషీకేశ్ దాటి, హిమాలయాల్లో నందప్రయాగ దాకా గంగకు ఎదురు వెళ్ళాడు. అక్కడ జలపాతం అడ్డొచ్చి ఆగవలసి వచ్చింది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. జెట్ పద్ధతి నిన్నమొన్నటి బొమ్మ కాదు, గట్టి పరీక్షలు నెగ్గుకొచ్చిన యంత్రం. అయితే ఆ పరీక్షలు నెగ్గిన పడవలు వేరు, నడిపినవాళ్ళు వేరు. నదుల్లో తిరిగేవి రాళ్ళను తట్టుకునేలా కట్టిన పడవలు, నీటిని చదవడం వచ్చిన మనుషులు. ఇవాళ లేక్ మీద మనకు కనిపించే చిన్న జెట్ బోటు ఫైబర్‌గ్లాస్‌తో చేసినది. దానిలోని ఇంజను, పంపు నీటి బైకుల్లాంటి జెట్ స్కీల కుటుంబానివి. ఉదాహరణకు యమహా పందొమ్మిది అడుగుల పడవలో ఉండేది నాలుగు సిలిండర్ల ఇంజను, ఆ సంస్థ తన జెట్ స్కీల్లో వాడే ఇంజను కోవకు చెందినదే. 1990ల్లో జెట్ స్కీ ఇంజన్లను చిన్న పడవల్లో అమర్చడం మొదలైన దగ్గర్నుంచి ఈ తరగతి పడవలు కుటుంబాల చేతికి వచ్చాయి. నదికోసం పుట్టిన యంత్రం చెరువుకు వచ్చాక దాని బలాలు కొన్ని పనికిరాకుండా పోయాయి, కొత్తవి కొన్ని బయటపడ్డాయి. మన కుటుంబాలకు పనికొచ్చే బలం ఆ కొత్తవాటిలో ఉంది.

అది పడవ వెనకభాగం. వారాంతాల్లో లేక్ మీద ఒక కుటుంబం నిజంగా ఏం చేస్తుందో చూడండి. ఓ గంట తిరుగుతారు, పిల్లల్ని ట్యూబ్ మీద కూర్చోబెట్టి లాగుతారు, తర్వాత ఏదో ఒక మూలకు వెళ్ళి లంగరు వేసి మూడు నాలుగు గంటలు నీళ్ళలో దిగుతూ ఎక్కుతూ గడుపుతారు. దిగేది వెనక నుంచే, ఎక్కేది వెనక నుంచే. ప్రొపెల్లర్ పడవలో ఆ చోటే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. మూడు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతుంటే ఒక్క సెకనులో 160 సార్లు రెక్క తగులుతుంది. అలాంటి గాయానికి చికిత్స ఎంత జరిగినా కాలో చెయ్యో మళ్ళీ మునుపటిలా రావడం అరుదు. పడవ నడిపే మనిషి వెనక్కి తిరిగి చూడకుండా గేరు వేయడం, పిల్లలు అటుగా ఈదుకుంటూ రావడం, ఈ రెండూ ఒక్క క్షణం కలిస్తే చాలు. జెట్ బోటులో ఆ రెక్కలు గొట్టం లోపల, జాలీ వెనక ఉంటాయి. గేరుపెట్టె, వేలాడే మోటారు లేకపోవడంతో వెనక భాగమంతా కూర్చోవడానికి, దిగడానికి వీలుగా, నీటికి దగ్గరగా వెడల్పయిన అరుగులా కట్టగలిగారు. ఈత అంతగా రాని తల్లి ఆ అరుగుమీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని పిల్లల్ని చెయ్యందేంత దూరంలో ఉంచుకోవచ్చు. తెలుగు ఇళ్ళలో ఈత రాని పెద్దలు ఎంతమంది ఉంటారో మనకు తెలుసు. అందుకే ఈ సంగతిని నేను చిన్న సౌకర్యంగా లెక్కవేయను. ఈ పడవను ఎంచుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం. వేగం కాదు, మెరుపు కాదు, లోతులేని నీళ్ళలో పోతుందన్న మాట అంతకన్నా కాదు.

అలాగని జెట్ బోటు వెనక అపాయమే లేదనుకోకూడదు. ఇంజను నడుస్తుండగా అడుగున ఉన్న నోరు గట్టిగా పీలుస్తూనే ఉంటుంది. పొడవాటి జడ, చున్నీ, వదులు బట్టలు, లైఫ్ జాకెట్‌కు వేలాడే పట్టీ, ట్యూబ్ తాడు, ఏది దగ్గరికొచ్చినా లోపలికి లాగి ఇంపెల్లర్ ఇరుసుకు చుట్టుకోగలదు. నాజిల్ నుంచి చిమ్మే ధార దగ్గర్లో పడ్డ మనిషి శరీరంలోకి దూసుకుపోయి లోపలి అవయవాలను గాయపరచగలదు. తయారీదార్లు ఈ హెచ్చరికలను పడవ మీదనే అతికిస్తారు. ఇంకొకటి, ఇంజను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషం. ఇంజను నడుస్తుంటే అది వెనక అరుగు దగ్గర పేరుకుంటుంది. అందువల్ల ఎవరైనా నీళ్ళలో ఉన్నా, అరుగుమీద కూర్చున్నా ఇంజను ఆగి ఉండాలి, తాళంచెవి నడిపేవాళ్ళ జేబులో ఉండాలి. న్యూట్రల్‌లో పెట్టామని ఊరుకోవడం చాలదు. చాలా జెట్ బోట్లలో ఇంజను నడుస్తున్నంతసేపు ఇంపెల్లర్ కూడా తిరుగుతూనే ఉంటుంది. న్యూట్రల్ అంటే ముందుకు పోయే ధారను, వెనక్కి మళ్ళించిన ధారను సరిసమానంగా ఉంచడం మాత్రమే.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన అభ్యంతరానికి వస్తాను. జెట్ బోటుకు దిక్కు ఇచ్చేది వెనక చిమ్మే ధార. ధార ఆగితే అదుపు కూడా పోతుంది. గోదావరి మీద నాటుపడవకు చుక్కాని ఉంటుంది. తెడ్డు వేయడం ఆపినా పడవకు ఊపు ఉన్నంతసేపు నీళ్ళు చుక్కానిని ఒరుసుకుంటూ పోతాయి కాబట్టి సరంగు దాన్ని మళ్ళించగలడు. ప్రొపెల్లర్ పడవలో మోటారు కింది భాగం నీళ్ళలోకి దిగి ఉంటుంది, ఇంజను తగ్గించినా అది కొంతవరకు చుక్కానిలా పనిచేస్తుంది. జెట్ బోటు అడుగు దాదాపు నున్నగా ఉంటుంది. నలభై మైళ్ళ వేగంలో పోతూ ఎదురుగా ఏదో కనబడి థ్రాటిల్ ఒక్కసారి వెనక్కి లాగేస్తే, ఆ తర్వాత స్టీరింగ్ ఎంత తిప్పినా పడవ అంతవరకూ ఎటు పోతోందో అటే జారుకుంటూ పోతుంది. నలభై మైళ్ళ వేగమంటే సెకనుకు దాదాపు 59 అడుగులు. పైగా ఇలాంటి పడవల్లో చాలావాటికి బ్రేకు ఉండదు. ఇరవై ఏళ్ళు కారు నడిపిన మనిషికి ప్రమాదం కనబడగానే కాలు ఆక్సిలరేటర్ మీద నుంచి లేస్తుంది. ఆలోచించి చేసే పని కాదది, ఒంటికి అలవాటైన పని. కారులో ప్రాణం కాపాడే ఆ అలవాటే జెట్ బోటులో తప్పించుకునే దారిని మూసేస్తుంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1998లో జెట్ స్కీల భద్రతమీద చేసిన అధ్యయనం థ్రాటిల్ వదిలితే అదుపు పోయే ఈ లోపాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. యంత్రం అదే కాబట్టి ఆ మాట చిన్న జెట్ బోటుకూ వర్తిస్తుంది.

ఇంత పెద్ద లోపం ఉన్న పడవను ఈత రాని కుటుంబానికి ఎలా చెబుతారని అడగవచ్చు. నా సమాధానం ఇది. ప్రొపెల్లర్ పడవలో ముప్పు నీళ్ళలో ఉన్న పిల్లల దగ్గర ఉంటుంది. జెట్ బోటులో ముప్పులో ఎక్కువ భాగం నడిపే మనిషి దగ్గరికి చేరుతుంది. నడిపే మనిషి ఒక్కరే, పెద్దవాళ్ళు, నేర్చుకోగలవాళ్ళు, కావాలనుకుంటే రెండు మూడు ఉదయాల్లో ఆ అలవాటును మార్చుకోగలవాళ్ళు. నీళ్ళలో కేరింతలు కొడుతున్న ఎనిమిదేళ్ళ పిల్ల తన వెనక రెక్కలు ఎప్పుడు తిరుగుతాయో గమనించుకుంటూ ఉండాలని కోరడం న్యాయం కాదు, తండ్రి గాని తల్లి గాని థ్రాటిల్ వదలకుండా తిప్పడం నేర్చుకోవాలని కోరడం న్యాయమే. నేర్చుకునే పద్ధతి కూడా కష్టమైనది కాదు. జనం లేని వేళ, దరులకు దూరంగా, నీళ్ళలో తేలే ఒక గుర్తు పడేసి, పదిహేను ఇరవై మైళ్ళ వేగంతో దానివైపు వెళ్ళి, థ్రాటిల్ కొంత ఉంచుతూనే పక్కకు తిప్పడం సాధన చేయాలి. తర్వాత థ్రాటిల్ పూర్తిగా వదిలితే ఏమవుతుందో, పడవ ఆగడానికి ఎంత దూరం తీసుకుంటుందో కళ్ళతో చూడాలి. ఇంట్లో నడిపేవాళ్ళు ఎందరుంటే అందరూ ఇది చేయాలి. పడవ అడుగున చుక్కానిలా పనిచేసే రెక్కలు అమర్చి ఈ లోపాన్ని తగ్గించిన కొత్త నమూనాలు వచ్చాయి, పాతవాటికి విడిగా బిగించుకునే పరికరాలూ దొరుకుతాయి. అవి ఉండటం మంచిదే. సాధనకు బదులు మాత్రం కావు. ఈ సాధన చేయడానికి ఓపిక లేదనుకునేవాళ్ళు జెట్ బోటు జోలికి పోకూడదని నేను గట్టిగానే చెబుతాను.

నెమ్మదిగా పోయేటప్పుడు జెట్ బోటు అటూ ఇటూ ఊగుతూ పోతుందన్నది రెండో ఫిర్యాదు. నిజమే. రేవు దగ్గర, వేగం తగ్గించమని బోర్డులున్న చోట, ధార బలహీనంగా ఉంటుంది కాబట్టి పడవ ముక్కు కుదురుగా ఉండదు. కొత్తవాళ్ళు కంగారుపడి స్టీరింగ్ ఎక్కువ తిప్పుతారు, ఊగడం ఇంకా పెరుగుతుంది. చేతిని నిలకడగా ఉంచి, పడవ తనంతట తాను సర్దుకోవడానికి ఒక క్షణం ఇవ్వడం నేర్చుకుంటే ఇది చికాకే తప్ప ప్రమాదం కాదు. గాలి బాగా వీచే రోజున మాత్రం తేలికపాటి పడవ రేవుకు ఆనడం నిజంగా కష్టం.

లోతులేని నీళ్ళ గురించి ప్రచారంలో ఉన్న నమ్మకాన్ని ఇంకాస్త నిలదీయాలి. హామిల్టన్ పడవలు రెండంగుళాలు మూడంగుళాల నీళ్ళమీద పోయాయంటే అవి వేగంలో, నీటి పైపైన తేలుతూ పోతున్నప్పుడు. పడవ ఆగి ఉన్నప్పుడు, లేదా ఆగిన చోటు నుంచి థ్రాటిల్ ఇచ్చినప్పుడు సంగతి తలకిందులవుతుంది. అడుగున ఉన్న నోరు ఇసుకను, గులకరాళ్ళను, నాచును నేరుగా పీల్చుకుంటుంది. రాయి లోపలికి వెళితే ఇంపెల్లర్ అంచులు చెడతాయి, దాని చుట్టూ ఉండే ఉంగరం గీరుకుపోతుంది, ఇంజను అరుస్తుంది గాని పడవకు ఊపు రాదు. అందుకే పడవ అడుగు నుంచి కనీసం రెండు మూడు అడుగుల లోతు ఉంటే తప్ప ఇంజను నడపవద్దని తయారీదార్లే చెబుతారు. ఒడ్డుకు వచ్చేటప్పుడు లోతు తగ్గకముందే ఇంజను ఆపి, దిగి, చేత్తో లాక్కోవాలి. లానియర్, ట్రావిస్, లూయిస్‌విల్ వంటివన్నీ ఆనకట్టలు కట్టగా ఏర్పడిన జలాశయాలు. వానలు తగ్గిన ఏడు నీటిమట్టం దిగి, పోయిన ఏడు లోతుగా ఉన్న చోట ఈ ఏడు మోళ్ళు, మట్టిదిబ్బలు బయటపడతాయి. ప్రొపెల్లర్ లేదు కదా అని అక్కడ దూసుకుపోతే దెబ్బ పడవ అడుగుకే తగులుతుంది. నాచు ఎక్కువున్న చెరువుల్లో తిరగాలనుకునేవాళ్ళకు నేను జెట్ బోటు చెప్పను. ఎంత మంచి పంపయినా అక్కడ మాటిమాటికీ ఆగి చెత్త తీసుకోవలసిందే. అరుగుమీద నుంచే చెయ్యిపెట్టి శుభ్రం చేసుకునే ద్వారం ఉన్న నమూనాలు ఉన్నాయి, కొనేటప్పుడు అది ఉందో లేదో చూసుకోవడం మంచిది.

పెట్రోలు, చప్పుడు, ఖర్చుల విషయంలో జెట్ బోటు పక్షాన వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ ఇంజన్లు నిమిషానికి ఏడు వేల చుట్లు దాటి తిరుగుతాయి, ఆ చప్పుడు పక్కవాళ్ళ మాట వినపడనివ్వదు. మధ్యస్థ వేగాల్లో మైలుకు ఖర్చయ్యే పెట్రోలు సాధారణంగా ప్రొపెల్లర్ పడవకన్నా ఎక్కువే. కాని నేను ముందు చెప్పినట్టు రోజులో ఎక్కువసేపు లంగరు వేసి ఉండే కుటుంబానికి ఈ తేడా అంతగా బాధించదు. దూరాలు తిరగాలనుకునేవాళ్ళకు, చేపలు పట్టాలనుకునేవాళ్ళకు బాధిస్తుంది. పాత పడవ చవగ్గా దొరుకుతుందని 1990ల నాటి రెండు స్ట్రోకుల జెట్ బోటు కొనడం మాత్రం తప్పు. ఆ ఇంజన్లు నూనె కలిసిన పొగను నీళ్ళలోకే వదిలేవి. లేక్ టాహోలో 1999లో కార్బ్యురేటర్‌తో నడిచే రెండు స్ట్రోకుల ఇంజన్లను నిషేధించారు. 2000 తర్వాత నాలుగు స్ట్రోకుల ఇంజన్లు వచ్చాకే ఈ పడవలు కుటుంబానికి తగ్గవయ్యాయి. నిర్వహణ సులువే అయినా ఒక్క నియమం గుర్తుంచుకోవాలి. ఇంటికి తెచ్చాక గొట్టంతో ఇంజనును కడిగేటప్పుడు ముందు ఇంజను నడపాలి, ఆ తర్వాతే నీళ్ళు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేయాలి, తర్వాత ఇంజను. ఈ వరస తారుమారైతే నీళ్ళు ఇంజను లోపలికి చేరి వేల డాలర్ల నష్టం తెస్తాయి. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకు ఇంకో పని ఉంది. 2009లో లేక్ టెక్సోమాలో జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప జాతి బయటపడ్డ తర్వాత అది ఒక చెరువు నుంచి మరోదానికి పాకకుండా, పడవను నీళ్ళలోంచి తీసినచోటే అందులోని నీటిని పూర్తిగా వంపేయాలని నియమం పెట్టారు. జెట్ పంపులో, అడుగు గుంటల్లో నీళ్ళు మిగిలిపోతాయి, ఆ సంగతి మరిచిపోకూడదు.

ఇదంతా ఎందుకు, చదునైన పాంటూన్ పడవ కొనుక్కోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో బలముంది. ఇంట్లో అమ్మమ్మలు తాతయ్యలు ఉండి, పదిమంది కలిసి భోజనాలు పెట్టుకుని నెమ్మదిగా తిరగాలనుకుంటే పాంటూనే మంచిది. అది కుదురుగా ఉంటుంది, తొట్రుపడకుండా ఎక్కవచ్చు దిగవచ్చు. ఆ కుటుంబం జెట్ బోటు కొంటే ఒక్క వేసవిలోనే అమ్మేస్తుంది. వెనక మోటారు వేలాడే ఔట్‌బోర్డు పడవ కొంటే ఏ ఊళ్ళోనైనా మరమ్మతు చేసేవాళ్ళు దొరుకుతారన్నదీ నిజమే. కాని ఆ రెండిటిలోనూ ప్రొపెల్లర్ ఉంది, ఔట్‌బోర్డు పడవలో మోటారు సరిగ్గా పిల్లలు దిగే చోటే కూర్చుంటుంది. పిల్లలు ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ మధ్య ఉండి, నీళ్ళలోనే రోజంతా గడపాలనుకునే ఇంటికి నా ఓటు జెట్ బోటుకే. అయితే కొనేముందు అద్దెకు తీసుకుని నడిపి చూడాలి. చాలా జలాశయాల మీద అద్దె పడవలు దొరుకుతాయి. రెండు రకాలూ నడిపి చూశాక వచ్చే నిర్ణయం షోరూములో కూర్చుని తీసుకునే నిర్ణయం కన్నా గట్టిది.

బరువు లెక్కలూ ముందే వేసుకోవాలి. పందొమ్మిది అడుగుల జెట్ బోటు, ట్రెయిలర్, పెట్రోలు, సామాను కలిస్తే మూడు వేల పౌండ్లు దాటుతుంది. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే మినీవ్యాన్లలో కొన్నిటికి 3,500 పౌండ్ల వరకు లాగే శక్తి ఉంది, 2021 నుంచి వచ్చిన హైబ్రిడ్ సియెన్నాకు 1,500 మాత్రమే. కారు పుస్తకంలో చూడకుండా పడవ దింపే ర్యాంపు దగ్గరికి వెళ్ళకూడదు. ఇరవై అడుగుల లోపు పడవలకు ఎంతమంది, ఎంత బరువు అన్నది చెప్పే రేకు ఉండాలని కేంద్ర చట్టం నిర్దేశించింది. ఆ రేకుమీద ఎనిమిది మంది అని ఉంటే అది గరిష్ఠం, ప్రతిసారీ నింపవలసిన సంఖ్య కాదు. పండగకు వచ్చిన బంధువులందరినీ ఎక్కించుకుని, అందులో నలుగురు ముందుభాగంలో కూర్చుంటే, వేగం హఠాత్తుగా తగ్గినప్పుడు పడవ ముక్కు దిగి నీళ్ళు ముందు నుంచి లోపలికి పొర్లవచ్చు. ఆరుగురికన్నా ఎక్కువమందితో తరచుగా తిరిగేటట్టయితే పెద్ద పడవ చూసుకోవడం మంచిది.

ఇక చట్టం సంగతి, మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసింది. టెక్సస్‌లో 1993 సెప్టెంబర్ 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్ళు, జార్జియాలో 1998 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళు, నార్త్ కరొలైనాలో 1988 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళు మోటారు పడవ నడపాలంటే పడవ భద్రతా శిక్షణ పూర్తిచేయాలి. అంతకు ముందు పుట్టినవాళ్ళకు ఆ నిర్బంధం లేదు. ఆ పెద్దవాళ్ళలో చిన్నప్పటి నుంచి ఈ జలాశయాల మీద పెరిగిన అమెరికన్లు చాలామంది ఉన్నారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో 1985లో పుట్టి, నలభై ఏళ్ళకు మొదటిసారి పడవ స్టీరింగ్ పట్టుకునే మనిషికీ అదే మినహాయింపు దక్కుతోంది. చట్టం అడగలేదు కాబట్టి అవసరం లేదనుకోవడం పెద్ద పొరపాటు. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో వినోద పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. వాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది నీళ్ళలో మునిగే చనిపోయారు, అలా మునిగినవాళ్ళలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. నడిపినవాళ్ళ శిక్షణ వివరాలు తెలిసినచోట, మరణాల్లో ముప్పావు వంతు శిక్షణ పొందనివాళ్ళు నడిపిన పడవల్లోనే జరిగాయి. ఏ రకం పడవ కొన్నామన్నదానికన్నా లైఫ్ జాకెట్, శిక్షణల గురించిన ఈ రెండు సంఖ్యలు ఎక్కువ చెబుతున్నాయి. ప్రతి వేసవిలో అమెరికా చెరువుల్లో, జలపాతాల్లో మునిగిపోయిన తెలుగు యువకుల వార్తలు మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. జెట్ బోటు ప్రొపెల్లర్ గాయాన్ని తప్పిస్తుంది గాని మునిగిపోవడాన్ని తప్పించదు.

కాబట్టి పడవ చూడటానికి వెళ్ళబోతున్న కుటుంబాలకు నా విన్నపం. బయానా ఇవ్వకముందే, చట్టం అడిగినా అడగకపోయినా, ఇంట్లో పెద్దవాళ్ళిద్దరూ మీ రాష్ట్రం గుర్తించిన పడవ భద్రతా శిక్షణ పూర్తిచేయండి. ఒక్కరే నేర్చుకుంటే ఆ ఒక్కరు నీళ్ళలో పడినప్పుడు పడవను వెనక్కి తిప్పి తీసుకొచ్చేవాళ్ళు ఉండరు. ఇరవై ఆరు అడుగుల లోపు మోటారు పడవ వేగంగా పోతున్నప్పుడు నడిపేవాళ్ళు ఇంజను ఆపే తాడును ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర చట్టం ఉంది, దాన్ని ఒక్కసారి కూడా మరిచిపోకండి. పదమూడేళ్ళ లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరని కేంద్ర నియమం చెబుతోంది, కొన్ని రాష్ట్రాల్లో వయసు హద్దు వేరుగా ఉంది. మీరు వయసు లెక్క చూడకుండా ఈత రాని ప్రతి ఒక్కరికీ, మీకు కూడా, ఒంటికి సరిపోయేది కొని వేయించండి. పిల్లల్ని ఈత తరగతిలో చేర్చే రోజునే మీరూ చేరండి. ఇవన్నీ చేశాక చిన్న జెట్ బోటు కొనండి.